వీడియో వైరల్ అయింది సరే, రోడ్డు వచ్చిందా?

ఒక్కసారి మీ ఫోన్ తీసి గ్యాలరీ చూడండి. వానాకాలంలో వచ్చిన డోలీ వీడియో ఒకటైనా అందులో ఉంటుంది. నెలలు నిండిన ఒక అక్కని దుప్పట్లో పడుకోబెట్టి, కర్రకు కట్టి, ఇద్దరు భుజాన మోస్తూ వాగు దాటిస్తుంటారు. వెనకాల ఎవరో ఫోన్‌తో తీస్తుంటారు. మనం చూశాం. కడుపు మండింది. నాలుగు గ్రూపుల్లోకి పంపాం. సాయంత్రానికి టీవీలో వచ్చింది. మర్నాడు ఒక ఆఫీసరు "రోడ్డుకు ప్రతిపాదనలు పంపించాం" అన్నాడు. మూడో రోజుకి ఇంకో వీడియో వచ్చింది. మొదటిదాన్ని మర్చిపోయాం.

ఇప్పుడు చెప్పండి. ఆ వీడియో ఏ గూడేనిది? ఏ మండలం? ఏ తేదీన తీసింది? ఆ అక్క, బిడ్డ క్షేమంగా ఇల్లు చేరారా? ఆ ప్రతిపాదన ఏ ఆఫీసులో ఆగిపోయింది? మనలో ఎంతమందిమి జవాబు చెప్పగలం?

చెప్పలేం. ఎందుకంటే మనం పంపాం కానీ రాసిపెట్టుకోలేదు. ఊరి పేరూ తేదీ లేని వీడియో చూపిస్తే ఆఫీసరు ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు: "ఇది పాతది", లేకపోతే "ఇది మా పరిధిలోది కాదు". మన దగ్గర మళ్లీ మాట ఉండదు.

ఫోన్ వల్ల లాభం లేదని నేను అనడం లేదు. మన తాతల కాలంలో ఒక అర్జీ తాలూకా ఆఫీసుకు చేరాలంటే ఒక పూట నడక, ఒక రాసే మనిషి, ఆ మనిషి దయ కావాలి. ఇవాళ ఇంటర్ చదివే చెల్లి చేతిలో కెమెరా ఉంది, రికార్డర్ ఉంది, కొలిచే సాధనం ఉంది. ఇంత బలం మన చేతిలోకి ఎప్పుడూ రాలేదు. కానీ వైరల్ అవ్వడం వేరు, సమస్య తీరడం వేరు. వీడియో తియ్యడం సగం పని కూడా కాదు. దాని వెంటపడి, జవాబు చెప్పాల్సినవాడి చేత చెప్పించి, ఆ జవాబుని మళ్లీ ఊరి ముందు పెట్టడం అసలు పని. అది జరిగిన చోట ఫోన్లూ కంప్యూటర్లూ పేదవాడికి పనికొచ్చాయి. జరగని చోట లైకులు మిగిలాయి.

ఊరికే చెప్పడం లేదు. మన పక్కనే జరిగిన మూడు సంగతులు చూడండి.

ఒకటి: ఛత్తీస్‌గఢ్‌లో ఒక ఫోన్ నంబరు

2010లో ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అని ఒకటి మొదలైంది. బీబీసీలో పనిచేసి వచ్చిన జర్నలిస్టు శుభ్రాంశు చౌదరి దాన్ని మొదలుపెట్టారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో పనిచేసే ఇంజనీర్లు సాంకేతిక సాయం చేశారు. పెద్ద యాప్ ఏమీ కాదు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు. మామూలు బటన్ల ఫోన్‌తో ఒక నంబరుకు ఫోన్ చేస్తే గొంతు పలుకుతుంది. 1 నొక్కితే నీ మాట రికార్డు చెయ్యొచ్చు, 2 నొక్కితే ఇతరులు చెప్పింది వినొచ్చు. హిందీలో చెప్పొచ్చు, గోండీలో చెప్పొచ్చు.

గోండీలో అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాతృభాష అని చెప్పుకున్నవాళ్లు 29 లక్షల మందికి పైనే. అయినా ఆ భాష ఇప్పటికీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. ఆ భాషలో దినపత్రిక లేదు. అంటే ఒక గోండు అవ్వ తన ఊళ్లో బోరు పాడైందని చెప్పాలంటే ముందు ఇంకొకరి భాష నేర్చుకోవాలి! సీజీనెట్ స్వరలో ఆ అవసరం లేకుండా పోయింది.

కానీ నాకు ముఖ్యం అనిపించింది ఆ తర్వాత జరిగే పని. వచ్చిన ప్రతి మాటనీ ఒక మనిషి విని, నిజమా కాదా అని కనుక్కునేవాడు. తర్వాతే అందరూ వినేలా పెట్టేవారు. బడికి టీచరు రావడం లేదు, రేషన్ ఇవ్వడం లేదు, కూలి డబ్బులు పడలేదు అనే ఫిర్యాదు చివర సంబంధిత అధికారి ఫోన్ నంబరు కూడా చెప్పేవారు. విన్నవాళ్లు, ఎక్కడో నగరాల్లో ఉన్నవాళ్లు కూడా ఆ అధికారికి ఫోన్ చేసి "ఫలానా ఊళ్లో ఫలానా పని ఏమైంది సార్" అని అడిగేవారు. పని జరిగితే, మొదట ఫిర్యాదు చేసిన మనిషే మళ్లీ ఫోన్ చేసి "మా బోరు బాగైంది" అని చెప్పేవాడు. ఫిర్యాదు ఎలా వినిపించిందో పరిష్కారం కూడా అలాగే వినిపించేది.

గమనించారా? ఇందులో గొప్ప టెక్నాలజీ లేదు. మన భాష ఉంది, నిజం కనుక్కునే మనిషి ఉన్నాడు, జవాబు చెప్పాల్సినవాడి నంబరు ఉంది, చివరికి ఏమైందో చెప్పే పద్ధతి ఉంది. మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ నాలుగింటిలో ఎన్ని ఉన్నాయో మీరే చూసుకోండి.

రెండు: కంప్యూటర్ కాగితం ఊరి మధ్యలో చదివితే

రెండోది మన తెలుగు నేల మీదే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2009లో ఆ పనికోసమే ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. మస్టరు, కూలి, చెల్లింపు వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కేవి. తనిఖీ వాళ్లు ఆ వివరాల్ని కాగితాల మీదకి తీసి ఊరికి తెచ్చేవారు. అదే ప్రాంతపు కూలి కుటుంబాల యువకులకు శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపేవారు. "నీ పేరు మీద ఇన్ని రోజుల పని రాశారు, నువ్వు చేశావా? ఇంత డబ్బు ఇచ్చామన్నారు, నీకు ముట్టిందా?" అని అడిగేవారు. తర్వాత ఊరి సభలో, మండల ప్రజావేదికలో అందరి ముందూ చదివేవారు.

చదువురాని అవ్వకి కంప్యూటర్ తెలియదు. కానీ తను పనికి పోయిన రోజులు తెలుసు. చనిపోయిన మనిషి పేరు మస్టర్లో వినిపిస్తే "వాడు పోయి రెండేళ్లయింది కదయ్యా!" అని చెప్పడానికి డిగ్రీ కావాలా? కంప్యూటర్లో ఉన్నంతకాలం అది లెక్క. ఊరి మధ్యలో చదివాక అది సాక్ష్యం అయింది. తిన్న డబ్బులు కక్కించిన సందర్భాలు ఉన్నాయి. కక్కించాల్సినవి ఇంకా చాలా మిగిలిపోయాయి, అదీ నిజమే. కానీ ఇందులోంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. సమాచారం స్క్రీన్ మీంచి గ్రామసభలోకి దిగితేనే దానికి బలం.

మూడు: పోడు భూమి, శాటిలైట్ ఫోటో

ఇది మన బతుకు సంగతి. కాబట్టి జాగ్రత్తగా చదవండి.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసీకి ఆ భూమి మీద హక్కు ఉంది. క్లెయిములు తీసుకుని, పరిశీలించి, తీర్మానం చేసే ప్రక్రియ మొదలయ్యేది గ్రామసభలో. చట్టం అలా చెప్తుంటే, ఆఫీసులు మాత్రం "శాటిలైట్ ఫోటోలో మీ సాగు కనిపించడం లేదు" అని చాలాచోట్ల క్లెయిములు తిప్పికొట్టాయి. ఆకాశంలోంచి తీసిన బొమ్మ ముందు మన ముసలాయన మాట చెల్లకుండా పోయింది.

గుజరాత్‌లో కూడా ఇదే జరిగింది. అక్కడ నర్మదా జిల్లా డేడియాపాడ ప్రాంతంలో ఆర్చ్ వాహిని అనే సంస్థతో కలిసి ఆదివాసీ యువకులు జీపీఎస్ పట్టుకోవడం నేర్చుకున్నారు. ఒక్కో చేను గట్టు మీద నడిచి కొలిచారు. ఆ కొలతల్ని పాత శాటిలైట్ ఫోటోల మీద పెట్టి, ఇదిగో మా సాగు అని చూపించారు. ఏ ఫోటో పేరు చెప్పి కాదన్నారో ఆ ఫోటోతోనే ఔననిపించే ప్రయత్నం అది. విషయం కోర్టుకు వెళ్లింది. తిరస్కరించిన క్లెయిముల్ని మళ్లీ పరిశీలించాలని 2013లో గుజరాత్ హైకోర్టు చెప్పింది.

ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. ఇది కేంద్రం 2012లో సవరించిన అటవీ హక్కుల నియమాల్లోనే ఉంది. శాటిలైట్ చిత్రాలు, ఇతర టెక్నాలజీ మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు గానీ వాటి స్థానంలోకి రాకూడదు. అంటే పెద్దల వాంగ్మూలం, పాత గట్లు, బావులు, సమాధులు, దేవర స్థలాలు కూడా సాక్ష్యాలే. ఫోటో లేదని ఇవన్నీ చెల్లవనడానికి ఏ ఆఫీసుకీ అధికారం లేదు. మీ క్లెయిము తిరస్కరిస్తే కారణం రాసి మీకు తెలియజేయాలి. అరవై రోజుల్లోపు పై కమిటీకి అప్పీలు చేసుకునే హక్కు మీకుంది.

ఇదంతా ఎందుకంత ముఖ్యమో 2019లో చూశాం. ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు తిరస్కరణకు గురైనవాళ్లని ఖాళీ చేయించాలని ఆదేశాలిచ్చింది. దేశమంతా ఆదివాసీలు రోడ్డెక్కారు. ఫిబ్రవరి 28న ఆ ఆదేశాన్ని కోర్టే నిలిపివేసింది. ఆ పదిహేను రోజులు ఎంతమంది మన పెద్దవాళ్లు నిద్రపోలేదో మీ ఇంట్లోనే అడగండి. తిరస్కరించిన క్లెయిము అంటే ఫైల్లో ఒక కాగితం కాదు, తల మీద వేలాడే కత్తి. అందుకే మన సాక్ష్యం మన దగ్గర భద్రంగా ఉండాలి.

మరి ఆ యాప్ ఎవరి చేతిలో ఉంది?

కొందరు పెద్దలు అంటారు: "ఫోన్లతో ఏమవుతుందిరా? పోరాటం అంటే ఊరేగింపు, ధర్నా, ఐటీడీఏ ముట్టడి." వాళ్ల అనుమానానికి కారణం ఉంది. టెక్నాలజీ పేరుతో మన మీదకి వచ్చింది ఎక్కువగా ఇబ్బందే. ఉపాధి పనుల్లో 2023 జనవరి 1 నుంచి యాప్‌లోనే హాజరు తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు పని దగ్గరే ఫోటో తీసి ఎక్కించాలి. సిగ్నల్ లేని కొండ మీద మట్టి తవ్విన మనిషికి, ఫోటో ఎక్కకపోతే ఆ రోజు కూలి ప్రశ్నార్థకమే. రేషన్ దగ్గర వేలిముద్ర పడదు. గుంజలు మోసి, రాళ్లు కొట్టి అరిగిపోయిన వేలికి ముద్ర ఎక్కడిది?

ఈ యాప్‌లకీ, పైన చెప్పిన మూడింటికీ తేడా ఎక్కడుంది? ఇక్కడ యాప్ మనల్ని పరీక్షిస్తుంది. అక్కడ ప్రజలు ప్రభుత్వాన్ని పరీక్షించారు. ఇక్కడ యాప్ తప్పు చేస్తే నష్టం కూలివాడికి. అక్కడ లెక్క తప్పితే జవాబు అధికారిది. అందుకే కొత్త యాప్ ఏది వచ్చినా మనం అడగాల్సినవి ఇవి: ఇది ఎవరిని ప్రశ్నిస్తోంది? సిగ్నల్ లేకపోతే నష్టపోయేది ఎవరు? ఇందులోకి వెళ్లిన మన వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి?

ఇంకో రకం మిత్రులు ఉన్నారు. ఇంజనీరింగ్ చదివిన మన తమ్ముళ్లే. "అన్నా, ఆదివాసీల కోసం ఒక యాప్ చేద్దాం, అన్నీ అందులోనే పెట్టేద్దాం" అంటారు. తమ్ముడూ, నీ ఉత్సాహానికి జోహార్. కానీ ముందు గూడెంలో ఒక నెల కూర్చో. ఎవరి దగ్గర ఏ ఫోన్ ఉంది, అది ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుంది, ఆడవాళ్లకి ఎప్పుడు దొరుకుతుంది, ఏ చెట్టు కింద సిగ్నల్ వస్తుంది, అవ్వ ఏ భాషలో మాట్లాడుతుంది, ఇవన్నీ చూడు. ఆ తర్వాత కూడా యాప్ అవసరం అనిపిస్తే చేద్దాం. చాలాసార్లు ఒక నోట్‌బుక్, ఒక ఫోన్, ఒక గ్రామసభ చాలు.

మనం ఏం చెయ్యొచ్చు

పెద్ద పెద్ద మాటలు వద్దు. ఒక గూడెంలో ఇద్దరు యువకులు, అందులో ఒకరు తప్పనిసరిగా ఆడపిల్ల, ఈ పని మొదలుపెట్టొచ్చు.

ముందు ఒక రిజిస్టరు పెట్టండి. ప్రతి సమస్యకీ ఒక వరస: ఏమిటి, ఎక్కడ, ఏ తేదీ, జవాబు చెప్పాల్సిన అధికారి ఎవరు, ఏమన్నాడు, ఇప్పుడు ఏ దశలో ఉంది. ఫోటో గానీ వీడియో గానీ తీసేటప్పుడు మొదటి పది సెకన్లలో ఊరి పేరు, మండలం, తేదీ నోటితో చెప్పండి. మన భాషలోనే చెప్పండి. కోయలో, గోండీలో, కొలామీలో, కువిలో, సవరలో, ఏదైతే అది. తెలుగు మాటలు కింద రాసుకోవచ్చు.

సిగ్నల్ లేదని ఆగిపోవద్దు. కెమెరాకి సిగ్నల్ అక్కర్లేదు. రికార్డరుకి అక్కర్లేదు. జీపీఎస్‌కి కూడా మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు, అది ఉపగ్రహం నుంచి పనిచేస్తుంది. మ్యాపు ముందే సంతరోజు మండల కేంద్రంలో డౌన్‌లోడ్ చేసుకుంటే కొండ మీద గట్టు గట్టూ నడిచి కొలుచుకోవచ్చు. ఫైళ్లు బ్లూటూత్‌తో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి ఇచ్చుకోవచ్చు.

పెద్దవాళ్ల మాట ఇప్పుడే రికార్డు చెయ్యండి. ఫలానా చేను ఎవరు కొట్టారు, ఎప్పుడు, ఏ వాగు హద్దు, ఏ దేవర ఎక్కడ, ఇవన్నీ వాళ్ల తలలో ఉన్నాయి. తాత పోయాక ఆ సాక్ష్యం ఏ సర్వర్లోనూ దొరకదు. అయితే రికార్డుతో సరిపెట్టవద్దు. దాన్ని కాగితం మీద రాసి, వేలిముద్ర వేయించి, గ్రామసభ తీర్మానంలో పెట్టండి. కమిటీలు చూసేది కాగితమే.

నెలకోసారి గూడెం కూర్చున్నప్పుడు రిజిస్టరు గట్టిగా చదవండి. 1996 పెసా చట్టం ప్రకారం మన గూడెం కూడా ఒక గ్రామమే, దాని సభకి విలువ ఉంది. తీరిన పని తీరిందని చెప్పండి, తీరనిదాన్ని తేదీతో సహా చదవండి. సోమవారం కలెక్టరేట్‌లో గానీ ఐటీడీఏలో గానీ అర్జీ ఇస్తే రసీదు నంబరు తీసుకోకుండా కదలొద్దు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ముప్పై రోజుల్లో చెప్పాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకి ఫీజు లేదు. ఇవన్నీ అయ్యాక కూడా కదలకపోతే అప్పుడు వీడియో పెట్టండి. "మా ఊరి రోడ్డు గురించి ఫలానా తేదీన అర్జీ ఇచ్చాం, రసీదు ఇదిగో, ఇన్ని నెలలైంది" అని చెప్పే వీడియోని పాతదని ఎవరూ కొట్టిపారేయలేరు. ప్రాణం మీదకి వచ్చిన సంగతైతే మాత్రం రిజిస్టరు కోసం ఆగొద్దు. అప్పుడు ముందు మనిషిని కాపాడాలి, తర్వాతే రాత.

జాగ్రత్తలు కూడా చెప్పాలి

నొప్పులు పడుతున్న అక్క మొహం, ఒళ్లు వీడియోలో చూపించే ముందు ఆమెని అడిగామా? ఆమె పరువు మన లైకులకన్నా ఎక్కువ. మొహం కనిపించకుండా తీసినా డోలీ కనిపిస్తుంది, వాగు కనిపిస్తుంది, అది చాలు. అత్యాచారం జరిగితే బాధితురాలి పేరు, ఫోటో పెట్టడం చట్టరీత్యా నేరం. ఆధార్, బ్యాంకు పాసుబుక్, పట్టా కాగితం ఫోటోలు గ్రూపుల్లో పెట్టొద్దు. మన మందుమొక్కలు దొరికే చోటు, దేవర స్థలం ఎక్కడుందో ఊరికే లోకానికి మ్యాపు వేసి చూపించొద్దు. ఏది బయటికి చెప్పాలి, ఏది ఊళ్లోనే ఉంచాలి అనేది గ్రామసభ నిర్ణయించాలి. గ్రూపు అడ్మిన్ కాదు.

తెలియని వార్త పంపొద్దు. 2024 సెప్టెంబరులో జైనూరులో ఒక ఆదివాసీ మహిళ మీద దాడి తర్వాత ఉద్రిక్తత పెరిగి ఇంటర్నెట్ ఆపేశారు. అలాంటప్పుడు పుకారు ఒక్కటి చాలు, మంట పెరగడానికి. నెట్ ఆగితే పుకార్లతో పాటు మన న్యాయమైన గొంతు కూడా ఆగిపోతుంది. సీజీనెట్ స్వరలో మాట బయటికి రాకముందే నిజం కనుక్కునే మనిషి ఉన్నాడని చెప్పాను కదా, మన గ్రూపులో ఆ మనిషి మనమే కావాలి.

"మావ నాటే మావ రాజ్" అని గొంతెత్తి అరుస్తాం. మా ఊళ్లో మా రాజ్యం. బాగుంది. మరి మా ఊరి భూమి కొలతలు ఎవరి దగ్గర ఉన్నాయి? మా కూలి లెక్క ఎవరి కంప్యూటర్లో ఉంది? మా అర్జీల జాబితా మా దగ్గర ఉందా? ఊరి సమాచారం ఊరి చేతిలో లేకుండా ఊళ్లో మన రాజ్యం ఎట్లా వస్తుంది?

ఇది చదివినవాళ్లు లైక్ కొట్టకపోయినా పర్లేదు. ఈ వానాకాలం రాకముందే మీ గూడెంలో ఒక రిజిస్టరు తెరవండి. మొదటి పేజీలో వాగు మీద లేని వంతెన గురించి రాయండి. మొదటి గ్రామసభలో చదవండి. ఏం జవాబు వచ్చిందో, ఎవరిచ్చారో, ఆరు నెలల తర్వాత ఇక్కడే రాయండి. పక్క గూడెం వాళ్లు చూసి నేర్చుకుంటారు.

జోహార్! జల్, జంగల్, జమీన్ మనవే!